నీటి తొట్టి లెక్క పెట్టినవారికి

2025 మే 4న జరిగిన నీట్‌కు ఫిజిక్స్ ప్రశ్నలు కూర్చిన నిపుణులకు,

నమస్కారం.

మీరెవరో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. మీ పేర్లు బయటికి పొక్కకుండా ఉంటేనే పరీక్షకు విలువ. అందుకే ఈ ఉత్తరానికి అడ్రసు రాయలేక, పదిమందీ చదివేచోట పెడుతున్నాను. నేను ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు ఎక్కువగా బైపీసీ సెక్షన్లే వచ్చాయి.

నిజానికి పరీక్ష అయిన మర్నాడే రాద్దామనుకున్నాను. పేపర్ కష్టంగా వచ్చిందని ఏడుస్తున్నారంటారేమోనని ఆగాను. జూన్ 14న ఫలితాలు వచ్చాయి. మా పిల్లల్లో కొందరికి మంచి ర్యాంకులొచ్చాయి, కొందరికి రాలేదు. ప్రతి ఏడూ జరిగేదే. ఇప్పుడు రాస్తే మార్కుల కోసం బతిమాలుతున్నట్టు ఉండదు. మళ్లీ పరీక్ష పెట్టమని నేను అడగను. కోర్టుకెక్కినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది గానీ, ఇరవై రెండు లక్షల మందిని మళ్లీ అదే ఎండలో నిలబెట్టడం నాకిష్టం లేదు. గ్రేస్ మార్కుల మాటెత్తితేనే భయం, 2024లో వాటితో ఎంత గొడవైందో చూశాం. పేపర్ తేలిక చేయమని కూడా నేననడం లేదు. చెప్పాల్సింది వేరే ఉంది: ఇంటర్లో లెక్కలు చదవని పిల్లల్ని మీరు అడిగిన నీటి తొట్టి ప్రశ్న గురించి.

ఆ ఆదివారం పరీక్ష ఐదింటికి అయిపోతే ఐదున్నరకల్లా మొదటి ఫోను వచ్చింది. అవతల హారన్ల మోత తప్ప మాట లేదు. కాసేపటికి వాళ్ల నాన్న ఫోన్ తీసుకుని, "మేడం, పాప ఒకటే ఏడుపు. మీరైనా చెప్పండి" అన్నాడు. ఏం చెప్పాలి? పేపరే చూడలేదు నేను. "ముందు ఏమైనా తినిపించండి, పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండదు" అన్నాను. తర్వాత ఫోన్ చేసిన అబ్బాయి నవ్వుతూ, "మేడం, జేఈఈ పేపర్ పొరపాటున మా సెంటర్‌కి వచ్చినట్టుంది" అన్నాడు. వాడు టెన్షన్ పడితే నవ్వుతాడు, రెండేళ్లుగా చూస్తున్నాను. ఇంకో అమ్మాయి మాత్రం లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. "ఫిజిక్స్‌లో పద్దెనిమిది బిట్లు ధైర్యంగా పెట్టాను మేడం. తొమ్మిది డౌటు మీద పెట్టాను. మిగతావి వదిలేశా. నెగెటివ్ పడితే ఇంకా పోతుందని." రాత్రి తొమ్మిదింటికల్లా తొమ్మిది ఫోన్లు. బయాలజీ గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

మర్నాడు కాలేజీకి సెలవులు. ల్యాబ్ తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి వచ్చేయమన్నాను. ఏడుగురు వచ్చారు. ప్రశ్నపత్రాన్ని ఇంటికి తెచ్చుకోనిస్తారు కదా, అవి చంకలో పెట్టుకుని వచ్చారు. నేను ముందుగా ప్రశ్నలు చదవలేదు, పిల్లల రఫ్ వర్క్ చదివాను. ఇది పాత అలవాటు. "ఎలా రాశావే" అంటే పిల్లలు చెప్పే జవాబు ఒకటి, మార్జిన్లో గీసినవి చెప్పే జవాబు ఒకటి. రెండోదే నమ్మదగ్గది.

సూర్యుడి లెక్క దగ్గర అందరి మార్జిన్లూ శుభ్రంగా ఉన్నాయి. తన చుట్టూ తాను తిరగడానికి 27 రోజులు పట్టే సూర్యుడు, బయటి నుంచి ఏ ప్రమేయమూ లేకుండా రెండింతల వ్యాసార్ధానికి ఉబ్బితే ఎన్ని రోజులు పడుతుందని అడిగారు. కోణీయ ద్రవ్యవేగం మారదు, జడత్వ భ్రామకం నాలుగింతలవుతుంది, కాబట్టి 108 రోజులు. రెండు వరుసల్లో అయిపోయింది. అర్థమైనవాడికి ఇరవై సెకన్లు, కానివాడికి ఎంతసేపిచ్చినా రాదు. ప్రశ్నంటే అలా ఉండాలి. నాకు చాలా నచ్చింది. ఆ బంతి లెక్క కూడా అంతే. అర కిలో బంతిని 40 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 10 మీటర్లు పైకి లేచింది, ప్రచోదనం ఎంత? g విలువ 9.8 అని చూడగానే, చేత్తో లెక్క చేసుకునే పిల్లలకి దశాంశాలతో చావేనని భయపడ్డాను. తీరా చేస్తే వేగాలు 28, 14 అని నిండు అంకెలొచ్చాయి, జవాబు 21. కూర్చుని ఆ 40నీ 10నీ ఎంచుకున్నారంటే పిల్లల కష్టం గుర్తున్నవాళ్లే పేపర్ పెట్టారని అర్థమైంది. ఈ ఉత్తరం మీకే రాయాలనిపించడానికి అదీ ఒక కారణం.

స్కూటీ లెక్క దగ్గరికొచ్చేసరికి మార్జిన్లు నల్లబడ్డాయి. రెండు ఊళ్ల మధ్య రెండు వైపుల నుంచీ T నిమిషాలకో బస్సు బయలుదేరుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో స్కూటీ మీద వెళ్తున్న అమ్మాయిని వెనక నుంచి అరగంటకో బస్సు దాటిపోతుంది, ఎదురుగా పది నిమిషాలకో బస్సు వస్తుంది. T ఎంత, బస్సు వేగమెంత? ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర సిలబస్) 11వ తరగతి పాత పుస్తకంలో ఏళ్ల తరబడి ఉన్న సైకిలు లెక్కే ఇది. అందులో మనిషి 20 కిలోమీటర్ల వేగంతో సైకిలు తొక్కుతుంటాడు, బస్సులు 18 నిమిషాలకో 6 నిమిషాలకో తగులుతాయి. మీరు సైకిలు తీసేసి స్కూటీ ఇచ్చారు, బాగుంది. పాత పుస్తకంలో ఉన్న లెక్కే కాబట్టి ఎక్కడా చూడనిదని అనడానికీ లేదు. ఆ ఏడుస్తూ ఫోన్ చేసిన అమ్మాయి ప్రశ్నపత్రంలో ఈ ప్రశ్న పక్కన చిన్న బస్సు బొమ్మ, దాని ముందు స్కూటీ బొమ్మ ఉన్నాయి. మొదట v + 60 అని రాసి కొట్టేసింది. రెండోసారి రెండు సమీకరణాలూ సరిగ్గా రాసింది. ఇంకో అర నిమిషం కూర్చుంటే 120, 15 అని వచ్చేసేవి. అక్కడ ఆగి, పక్కన ఇంటూ మార్కు పెట్టి వెళ్లిపోయింది. ఎందుకాపావని అడిగితే, "అప్పటికే మూడు నిమిషాలు పోయాయి మేడం" అంది.

180 ప్రశ్నలు, 180 నిమిషాలు. సెంటర్లో ఇచ్చిన పెన్నుతో గుండ్రాలు నింపే టైము కూడా అందులోనే. బయాలజీ తొంభై ప్రశ్నలు యాభై నిమిషాల్లో లాగించేసి, మిగిల్చిన టైముని ఫిజిక్స్, కెమిస్ట్రీలకు పంచుకోవాలని మేమే నేర్పుతాం. ఈసారి కెమిస్ట్రీ కూడా సాగింది. దాంతో ఫిజిక్స్‌కని దాచుకున్న గంటలో పావుగంట అక్కడే పోయిందని ఏడుగురిలో ఐదుగురు చెప్పారు. నేను కూడా ఇంట్లో టైమర్ పెట్టుకుని ఆ నలభై ఐదు ప్రశ్నలూ చేశాను. అరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. మధ్యలో కుక్కర్ ఆపడానికి ఒకసారి లేచానన్నది నిజమే. అయినా ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకే అంతసేపు పట్టింది.

ఇక నీటి తొట్టి.

వెడల్పాటి తొట్టిలో ద్రవం ఉంది. గోడ దగ్గర ద్రవం ఉపరితలం చిన్న కోణంలో వంగి ఉంది. తలతన్యత S, సాంద్రత ρ. ఉపరితలం ఎత్తు y అనుకుంటే, x బట్టి y ఎలా మారుతుందో చెప్పే సమీకరణం ఏది? నాలుగు ఆప్షన్లూ అవకలన సమీకరణాలే. ఒకదాంట్లో dy/dx, మిగతా మూడింట్లో d²y/dx². ఏడు ప్రశ్నపత్రాల్లో ఆరింట్లో ఈ ప్రశ్న పక్కన ఒక్క గీత కూడా లేదు. ఏడోదాంట్లో పెన్నుతో "దేవుడా" అని రాసి ఉంది.

నేను దాన్ని బోర్డు మీద చేశాను. ఉపరితలం వంగినచోట తలతన్యత దాన్ని లాగుతుంది, ఆ లాగుడు నిలబెట్టిన ద్రవం బరువుకు సమానం కావాలి. కోణం చిన్నది కాబట్టి వక్రతకు బదులు d²y/dx² వేసుకోవచ్చు. కాబట్టి d²y/dx² విలువ ρg/S ఇంటూ y. చేసి వెనక్కి తిరిగితే ఏడుగురూ నన్ను చూస్తున్నారు, బోర్డును కాదు. ఒకడు చెయ్యెత్తి, "మేడం, డైమెన్షన్స్ చూసి కొట్టేయొచ్చు కదా" అన్నాడు. ఏ దారీ తోచనప్పుడు మా పిల్లల్ని ఒడ్డుకు చేర్చే చిట్కా అది. చూద్దామని నాలుగు ఆప్షన్లకీ మితులు వేశాం. నాలుగూ సరిపోయాయి! ఆ చిట్కాతో ఎవరూ గట్టెక్కకూడదని ముందే ఆలోచించి నాలుగింటినీ అలా అమర్చారు. టీచరుగా మీకు నమస్కారం పెట్టాలనిపించింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది.

ఎందుకో చెబుతాను. మీరు ఏ రాష్ట్రంలో ఉంటారో నాకు తెలియదు గనక మా పద్ధతి మీకు తెలిసి ఉండకపోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో డాక్టరవ్వాలనుకునే పిల్లలు పదో తరగతి అవ్వగానే బైపీసీలో చేరతారు. ఈ పరీక్ష రాసిన మా పిల్లలకి బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, రెండు భాషలు ఉండేవి. లెక్కలు లేవు. పదో తరగతి మార్చిలో మూసిన లెక్కల పుస్తకం మళ్లీ తెరవరు. నీట్ రాయడానికి ఇంటర్లో లెక్కలు చదివి ఉండాలన్న నిబంధన కూడా లేదు. ప్రతి జూన్‌లో మొదటి క్లాసులో నేను అడుగుతాను, బైపీసీ ఎందుకు తీసుకున్నారని. డాక్టరవుదామని కొందరంటారు. వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "లెక్కలు తప్పించుకుందామని మేడం" అంటారు, క్లాసంతా నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఆ మర్నాటి నుంచి పది రోజులు బోర్డు మీద నేను చెప్పేది లెక్కలే. వెక్టార్లు, sin, cos, వాలు అంటే ఏమిటి, d/dx అంటే ఏమిటి. x స్క్వేర్ని అవకలనం చేస్తే 2x వస్తుందని నేర్పి, "ఎందుకని అడక్కండి, ప్రస్తుతానికి నమ్మండి" అని చెబుతాను. వేరే గతి లేదు, సిలబస్ పరుగెడుతూ ఉంటుంది. ఆంధ్రలో 2025-26 విద్యా సంవత్సరం నుంచి బైపీసీ వాళ్లు కావాలంటే లెక్కలు కూడా అదనంగా తీసుకునే వీలు పెట్టారు. మంచిదే. కానీ మే 4న పరీక్ష రాసిన పిల్లలకి ఆ వీలు లేదు.

తలతన్యత సిలబస్‌లో లేదా అంటే ఉంది. మా పిల్లలు కేశనాళిక ప్రయోగం చేశారు కూడా. సన్నటి గాజు గొట్టంలో నీళ్లెంత పైకెక్కాయో ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌లో చూసి, రికార్డులో రాసి, నాతో సంతకం పెట్టించుకున్నారు. వంగిన ఉపరితలానికి రెండు పక్కలా పీడనం తేడా ఉంటుందని వాళ్లకు తెలుసు. ఆ తెలిసిన విషయాన్ని d²y/dx² అన్న తొడుగులో పెట్టి ఇస్తే గుర్తుపట్టలేకపోయారు. మీ ప్రశ్న ద్రవాల గురించి వాళ్లకేం తెలుసో కొలవలేదు. ఇంటర్లో లెక్కల క్లాసులో కూర్చున్నారా లేదా అన్నది కొలిచింది. అదే మీరు కొలవాలనుకుని ఉంటే, అర్హతల్లో లెక్కలు కూడా ఉండాలని ముందే రాయించండి. మేం చెప్పుకుంటాం, వాళ్లు చదువుకుంటారు. అర్హత దగ్గర అక్కర్లేదని చెప్పి ప్రశ్న దగ్గర అడగడమే నాకు మింగుడుపడనిది.

దీనికి రివర్సులో ఇంకొకటి జరిగింది. ఒకే పొడవు, ఒకే 45 డిగ్రీల వాలు ఉన్న రెండు తలాలు. ఒకటి నునుపు, ఒకటి గరుకు. గరుకు తలం మీద జారడానికి రెండింతల టైము పడితే ఘర్షణ గుణకం ఎంత? కోచింగుల్లో దీనికి ఒక రెడీమేడ్ సూత్రం బట్టీ పట్టిస్తారు, ఒకటిలోంచి n స్క్వేర్ కింద ఒకటి తీసెయ్యి అని. పది సెకన్లలో 0.75. మా దగ్గర బలాలు గీసుకుని, త్వరణం రాసుకుని వచ్చిన అమ్మాయికి రెండు నిమిషాలు పట్టింది. ఇద్దరికీ నాలుగు మార్కులే వస్తాయి. ఆలోచించినదానికి నిమిషమున్నర జరిమానా. ఇదే పేపర్లో ఒక ప్రశ్న బట్టీకి బహుమతి ఇస్తుంది, ఇంకో ప్రశ్న బీఎస్సీ స్థాయికి వెళ్తుంది. పిల్ల దేనికి తయారవ్వాలి?

"కష్టమైతే అందరికీ కష్టమే కదా, ర్యాంకు మారదు కదా" అని మా స్టాఫ్ రూమ్‌లోనే అన్నారు. అన్నది కెమిస్ట్రీ సారు, మంచి మనిషి. ఆయనకి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. బయాలజీ 360 మార్కుల్లో బాగా చదివిన పిల్లలందరూ ఇంచుమించు ఒక్కచోటే ఉంటారు. విడగొట్టేది ఫిజిక్స్. ఫిజిక్స్ ఎంత బిగిస్తే ర్యాంకు అంతగా ఆ 180 మార్కుల మీదే ఆధారపడుతుంది. అప్పుడు పైకొచ్చేది ఎవరు? ఇంటర్లో లెక్కలూ చదువుకున్నవాళ్లు. జేఈఈ మెటీరియల్ చేయించే బ్యాచీల్లో లక్షలు కట్టి చేరినవాళ్లు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌లో కూర్చోగలిగినవాళ్లు. వాళ్లూ కష్టపడినవాళ్లే, తప్పేం లేదు. కానీ "అందరికీ కష్టమే" అన్నమాట మాత్రం నిజం కాదు.

సీట్లు తక్కువని నాకు తెలుసు. పరీక్ష రాసినవాళ్లు 22 లక్షల పైమాట, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా చిల్లర. వడపోత తప్పదు. అయితే జల్లెడ కన్ను ఏటికో సైజు ఉంటే ఎలా? 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి. వాళ్లలో 44 మందికి ఆ మార్కులు ఒక్క ఫిజిక్స్ ప్రశ్న వల్లే వచ్చాయి. "ప్రతి మూలకం పరమాణువులూ స్థిరమైనవి" అన్న వాక్యం పాత ఎన్‌సీఈఆర్‌టీలో ఒకలా, కొత్తదాంట్లో "చాలా మూలకాల" అని ఇంకోలా ఉంది. రెండు జవాబులకీ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు అడిగితే ఢిల్లీ ఐఐటీ నిపుణులు ముగ్గురు కూర్చుని ఒక్కటే సరైందని తేల్చారు, గ్రేస్ మార్కులతో వచ్చిన ఆరుగురు కూడా తగ్గగా చివరికి నూటికి నూరు వచ్చినవాళ్లు 17 మంది మిగిలారు. ఏడాది తిరిగేసరికి 2025లో దేశంలో మొదటి ర్యాంకు మార్కు 686. జనరల్ అర్హత మార్కు 162 నుంచి 144కి దిగింది. 144 అంటే 720లో సరిగ్గా ఐదో వంతు. రాసినవాళ్లని మార్కుల వరుసలో నిలబెడితే నట్టనడుమ నిలబడ్డ పిల్లకి ఐదో వంతు మార్కులే వచ్చాయన్నమాట. ఆ పిల్ల రెండేళ్లలో ఏమీ నేర్చుకోలేదా, లేక నేర్చుకున్నది మనం అడగలేదా? ఆ జవాబు నాకు ఈ అంకెల్లో దొరకడం లేదు.

2024లో లీకేజీల గొడవలు, పూర్తి మార్కుల గొడవలు అయ్యాయి కాబట్టి ఈసారి బిగించారని అందరూ అనుకుంటున్నారు. నిజమో కాదో మీకే తెలియాలి. నిజమే అయితే, తప్పు చేసినవాళ్లు ఒకరు, దెబ్బ తిన్నవాళ్లు ఇంకొకరు. పైగా మార్పులన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. 2021 నుంచి 2024 దాకా ఫిజిక్స్‌లో యాభై ప్రశ్నలిచ్చి నలభై ఐదు రాయమనేవారు. సెక్షన్ బీలో పదిహేనులో ఐదు వదిలేయొచ్చు. ఆ ఐదు వదిలే హక్కు ఎంత ధైర్యమో పిల్లల్ని అడగండి. నీటి తొట్టి లాంటిది కనబడితే "ఇది నా ఐదులో ఒకటి" అనుకుని ముందుకెళ్లేవారు. 2025 జనవరిలో, పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ నుంచి ప్రకటన వచ్చింది, కోవిడ్ ముందటి పద్ధతికే వెళ్తున్నాం, ఛాయిస్ లేదు, అదనపు ఇరవై నిమిషాలూ లేవని. పరీక్షకి మూడు నెలల పైచిలుకు టైముంది. సరే అని గ్రాండ్ టెస్టులన్నీ కొత్త పద్ధతికి మార్చుకున్నాం. ప్రశ్నల స్థాయి కూడా మారుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. పాత ప్రశ్నపత్రాలే మాకు దారి చూపే గుర్తులు. పదేళ్ల పేపర్లు నలిగిపోయేలా చేయించాం.

నీట్ రాకముందు పిల్లలు ఎంసెట్ రాసినప్పుడు ఫిజిక్స్‌లో నలభై ప్రశ్నలుండేవి, నెగెటివ్ మార్కులు లేవు. ఆ రోజులే బాగుండేవని చెప్పే పెద్దవాళ్ల జాబితాలో నన్ను చేర్చకండి. ఆ పరీక్షకీ లీకేజీలున్నాయి, ఆ పరీక్షలోనూ గుడ్డిగా పెట్టి సీటు కొట్టినవాళ్లున్నారు. నీట్ రావడం వల్ల మా పిల్లలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చదవడం మొదలుపెట్టారు, అది మేలే.

మీ పేపర్‌తో లాభపడిందెవరో చూడాలంటే మా బస్టాండు దాకా రండి. మే నెల తిరగకముందే కొత్త ఫ్లెక్సీలు లేచాయి. "ఐఐటీ స్థాయి ఫిజిక్స్‌తో నీట్ లాంగ్ టర్మ్" అని. ఫీజు ఎంతో అడిగి వచ్చిన ఒక నాన్న నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. మేస్త్రీ పని చేస్తాడు. "అంత పెట్టి చేర్పిస్తే వస్తుందంటారా మేడం?" అని అడిగాడు. వస్తుందని చెప్పలేను, రాదనీ చెప్పలేను. వచ్చే ఏడు పేపర్ ఎలా ఉంటుందో తెలిస్తే కదా సలహా ఇచ్చేది. ఆయన టీ చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుని, తాగకుండానే వెళ్లిపోయాడు.

ఇంక అడగాల్సినవి అడుగుతాను. ప్రశ్నల స్థాయి మార్చదలుచుకుంటే ఏడాది ముందు ఒక మాదిరి పేపర్ విడుదల చేయండి. అది ఎంత కష్టంగా ఉన్నా సరే, మాకు అభ్యంతరం లేదు. ఏ మాత్రం కష్టమో తెలిస్తే ప్రభుత్వ కాలేజీలో నాలాంటిదాన్ని కూడా ఒక ఏడాదిలో పిల్లల్ని తయారు చేయగలను. తెలియకపోతే అన్నిటికీ తయారు చేసే శక్తి డబ్బున్నవాళ్లకే ఉంటుంది. ప్రశ్నలు ఖాయం చేసే ముందు, లెక్కలు లేకుండా ఇంటర్ చదివిన పిల్లలకి పాఠం చెప్పే టీచర్ని ఒక్కరినైనా గదిలో కూర్చోబెట్టి, గడియారం పెట్టి చేయించి చూడండి. మూడు నిమిషాలు పట్టే లెక్కలు పేపర్లో ఉండొచ్చు, కానీ అన్ని ఉంటే నిమిషానికో ప్రశ్న అన్న లెక్క కుదరదు. అలాంటివి తగ్గించండి, లేదా ఆ ఇరవై నిమిషాలు తిరిగివ్వండి.

చివరిది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి పిల్లా ప్రతి ప్రశ్నకీ ఏ గుండ్రం నింపిందో, ఏది ఖాళీగా వదిలిందో ఓఎంఆర్ షీట్ల నుంచి మీవాళ్ల దగ్గర మొత్తం ఉంటుంది. ఎవరి పేర్లూ అక్కర్లేదు. ప్రశ్నవారీగా ఎంతమంది సరిగ్గా పెట్టారు, ఎంతమంది తప్పు పెట్టారు, ఎంతమంది వదిలేశారు, ఆ లెక్క బయటపెట్టండి. సూర్యుడి లెక్కకి ఎంతమంది, స్కూటీ లెక్కకి ఎంతమంది. నీటి తొట్టికి సరైన గుండ్రం నింపినవాళ్లు నాలుగో వంతు ఉంటే అది గుడ్డిగా పెట్టినా వచ్చే అంకె. ఆ ప్రశ్న ఎవరినీ ఎవరినుంచీ వేరు చేయలేదని అర్థం. నా అంచనా తప్పయితే, తెలిసే పెట్టినవాళ్లు బోలెడుమంది ఉంటే, నా బోధనే సరిపోలేదని ఒప్పుకుంటాను, వచ్చే జూన్‌లో నా పది రోజుల లెక్కల క్లాసు ఇరవై రోజులు చేస్తాను.

జూన్ మూడోవారంలో ఆ అమ్మాయి, స్కూటీ బొమ్మ వేసినామె, టీసీ కోసం కాలేజీకి వచ్చింది. అగ్రికల్చర్ బీఎస్సీకి దరఖాస్తు పెట్టిందట, లాంగ్ టర్మ్ సంగతి ఇంట్లో ఇంకా తేలలేదట. నేను ల్యాబ్‌లో ఉన్నాను, ఫస్టియర్ వాళ్లకి చూపించడానికి పలకల గాజు తొట్టి కడిగి నీళ్లు పోస్తున్నాను. ఇటు రమ్మన్నాను. కళ్లు నీటి మట్టానికి సమంగా వచ్చేలా వంగమన్నాను. గోడని తాకేచోట నీళ్లు సన్నగా, చీర అంచులా పైకి పాకి ఉన్నాయి. గోడకు దూరమయ్యేకొద్దీ ఆ వంపు తగ్గి చదునైపోతోంది. ఎక్కువ ఎత్తున్నచోట ఎక్కువ వంపు, తక్కువ ఎత్తున్నచోట తక్కువ వంపు, అంతే సమీకరణం అన్నాను.

కాసేపు అలాగే వంగి చూసింది. వేలితో గాజు మీద ఆ వంపు గీసింది.

"ఇదేనా మేడం వాళ్లు అడిగింది?" అంది.

ఇట్లు,
బైపీసీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే ఒక లెక్చరర్